మూడు కుట్లు పెన్ను మీద

మాట మెత్తన కాబట్టి అందరూ మెత్తనాయన అనే ఆఫీసు మేనేజరు తలుపు దగ్గరగా వేసి వెళ్ళాడు. నాలుగింటికి వస్తానమ్మా, ఈలోపు తీరిగ్గా చదువుకుని కింద ఒక సంతకం పెట్టేయండి, కంగారేం లేదు, అన్నాడు వెళ్తూ వెళ్తూ. కంగారు లేనివాడికి నాలుగే ఎందుకో, ఐదింటికి పైవాళ్ళ మీటింగు ఉందని క్యాంటీన్లో గిన్నెలు కడిగేవాళ్ళకి కూడా తెలిశాక ఇంకా ఈ తీరికేమిటో అనుకుంటూ ఊలక్క కుర్చీలో కూర్చుంది. చక్రాల కుర్చీ. కూర్చోగానే ఆవిణ్ణి అడక్కుండా గోడ దాకా తీసుకుపోయింది. కాళ్ళతో నేలని తన్నుకుంటూ మళ్ళీ బల్ల దగ్గరికొచ్చింది. కోల్డ్ స్టోరేజీలో ఇరవై రెండేళ్ళ సర్వీసు, ఈ గదిలోకి రావడం ఇది మూడోసారి. మొదటిసారి ఉద్యోగంలో చేరినప్పుడు, రెండోసారి మామగారు పోతే సెలవు అడగడానికి, రెండుసార్లూ నిలబడే మాట్లాడింది. ఇవాళ కూర్చోబెట్టారు, మంచినీళ్ళ సీసా పెట్టారు, ఏసీ కావాలా తగ్గించాలా అని కూడా అడిగారు. ఇంత మర్యాద చేశారంటే ఎవరి కొంపో మునగబోతోంది. ఎవరిదో కూడా తెలుసు. బల్ల మీద కాగితం, కాగితం మీద పెన్ను, పెన్ను మీద కంపెనీ పేరు. సంతకం పెడితే తోటికోడలి ఉద్యోగం పోతుంది, పెట్టకపోతే తనది పోవచ్చు. గోడ మీద గడియారం మూడూ అయిదు చూపిస్తోంది. ఊలక్క కాగితాన్ని పక్కకి జరిపి, చేతిసంచిలోంచి ఊలు ఉండ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

ఊలు బూడిదరంగు, మందం. నాలుగు పొట్టి పుల్లల మీద చతురస్రంగా కూర్చుని ఉంది కుడిచేతి తొడుగు, అయిదో పుల్ల ఆవిడ చేతిలో. బొటనవేలికి ఒక అర, మిగతా నాలుగు వేళ్ళకీ కలిపి ఒకే అర ఉండే తొడుగు. కంపెనీలో ఆడవాళ్ళు వాటిని సంచి గ్లౌజులనేవాళ్ళు, అవి అల్లిపెట్టినందుకే ఆవిడ ఊలక్క అయింది, అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా లేదిప్పుడు. ఒక కుట్టు అల్లి, పక్క కుట్టుని అల్లకుండా అటు దాటించి, దాని మీంచి పోగు కప్పి, మళ్ళీ ఒకటి అల్లి, పక్కదాన్ని దాటించి, పోగు కప్పి. బ్రియోష్ అంటారని ఎవరో చదువుకున్నమ్మాయి చెప్పింది. అత్తగారు మాత్రం దాన్ని సగంసగం అల్లిక అనేది. నేర్పించిన రోజు ఆవిడ కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని, చూడు పిల్లా, ఈ వరసలో సగం కుట్లు పనిచేస్తాయి, సగం కుట్లు దుప్పటి కప్పుకుని పడుకుంటాయి, వచ్చే వరసలో పడుకున్నవాటిని దుప్పటితో సహా లేపి అల్లుతావు, అప్పుడు ఇవి పడుకుంటాయి, మీ కంపెనీలో షిఫ్టులున్నట్టే, అంది. రెండుసార్లు చుట్టూ తిరిగొస్తే కానీ ఒక్క వరస తయారుకాదు. మొదటి చుట్టు అయిపోయాక చూస్తే అల్లినట్టే ఉంటుంది, నమ్మేయాలనిపిస్తుంది, కానీ అక్కడే ఆపేస్తే అది వరసా కాదు, ఏమీ కాదు. ఎందుకత్తయ్యా ఇంత చాకిరీ, మామూలు అల్లికయితే ఈపాటికి అయిపోయేది కదా అంటే, మామూలుది వేసుకుని ఆ మంచుగదిలో అరగంట నిలబడి వచ్చి అప్పుడు చెప్పు అంది. నిలబడి వచ్చింది. మళ్ళీ అడగలేదు. ఈ అల్లిక ఒక పొర కాదు, పొర మీద పొర, లోపల గాలి నిలుస్తుంది, వెచ్చన అక్కణ్ణించి పుడుతుంది. ఇంకో సంగతి, దీనికి తిరగవైపు ఉండదు, లోపలా బయటా ఒకటే. ముడులూ అతుకులూ తోసేయడానికి ఒక చాటు వైపంటూ దొరకదు.

ఏడో వరసకి జడ మలుపు వచ్చింది. తొడుగు వెనక భాగంలో, సరిగ్గా పిడికిలి కణుపుల మీద, రెండు పాయలు ఒకదాని మీంచి ఒకటి దాటాలి. మూడు కుట్లు వాటి దుప్పట్లతో సహా తీసి విడిగా ఒక చిన్నపుల్ల మీద పెట్టి ముందుకి వదిలేయాలి, తర్వాతి మూడూ అల్లాలి, అప్పుడు ఆగినవాటిని పిలవాలి. సంచిలో చెయ్యిపెట్టి వెతికింది. తాళాలు, దువ్వెన, మందుబిళ్ళల అట్ట, ఎడమచేతి తొడుగు, చిన్నపుల్ల లేదు. వంటింటి కిటికీ గూట్లో ఉండిపోయింది, పొద్దున్న పాలగిన్నె దింపుతూ అక్కడ పెట్టింది, ఇప్పటికీ అక్కడే ఉండి ఉంటుంది మహాతల్లి. ఆవిడ బల్ల మీదకి చూసింది. పెన్ను సన్నగా, నున్నగా, చక్కగా ఉంది. మూత పెట్టి ఉంది. ఇందుకే కదూ ఇచ్చారు నాకు, అనుకుని, మూడు కుట్లనీ పెన్ను మీదకి ఎక్కించింది. కంపెనీ పేరు మీద బూడిదరంగు ఊలు కూర్చుంది. ఆవిడకి ఇవాళ మొదటిసారి నవ్వొచ్చింది.

డ్రైవరమ్మ చూస్తే పగలబడి నవ్వేది. డ్రైవరమ్మంటే తోటికోడలే, మరిది భార్య. ఇంట్లోకి చిన్నకోడలిగా వచ్చిన కొత్తలో ఇద్దరికీ ఒక్క క్షణం పడేది కాదు. ఊలక్క తుడిచిన గచ్చు మీద ఆమె తడికాళ్ళతో నడిచేది, ఊలక్క వండిన కూరలో అడక్కుండా ఉప్పు వేసేది, మాట్లాడితే నాకు లైసెన్సు ఉందక్కా అనేది. లారీ నడిపే తండ్రి ఒళ్ళో కూర్చుని స్టీరింగు తిప్పిన పిల్ల, ఆ పొగరు ఎక్కడికి పోతుంది. ఉద్యోగంలో చేర్పించమని మరిది బతిమాలితే ఊలక్కే తీసుకొచ్చి పెట్టెలు మోసే పనిలో పెట్టించింది, ఒళ్ళు వంగితే నోరు వంగుతుందని లోపల ఆశ. ఏడాది తిరిగేసరికి ఆమె ఫోర్క్‌లిఫ్ట్ ఎక్కి కూర్చుంది. మగవాళ్ళు ముగ్గురు నవ్వారు, ఒకడు పందెం కాశాడు, ఆమె ఇద్దరు మనుషుల ఎత్తు బఠానీ పెట్టెల దొంతరని గడపకి రెండు వేళ్ళ ఎడంతో మూడో మంచుగదిలోకి నడిపి దించేసి, ఇంజను ఆపి, వాళ్ళ వైపు కాదు, ఊలక్క వైపు చూసింది. చూశావా అక్కా అన్నట్టు. ఆ చూపుతో ఏళ్ళ తగువు తెగిపోయింది. ఆ వారమే ఊలక్క ఆమెకి మొదటి జత అల్లింది, ఎరుపు, బండి రంగుకి సరిపోయేలా. అది వేసుకుని బొటనవేలితో లివరు తోస్తూ తిరిగేది. గ్లౌజుల్లో వేళ్ళు ఒక్కొక్కటీ ఒంటరిగా చచ్చిపోతాయి, సంచిలో అన్నీ కలిసి బతుకుతాయి అక్కా అనేది.

గ్లౌజులంటే కంపెనీవి. అన్నీ ఒకటే సైజు. ఎవరి చేతిని చూసి ఆ సైజు ఖాయం చేశారో, ఆ మహానుభావుడు కనిపిస్తే ఒకసారి చేతులు పట్టుకుని చూడాలని ఊలక్క కోరిక. వేసుకుంటే వేళ్ళ చివర అంగుళం ఖాళీ, అది మడత పడుతుంది, తడుస్తుంది, గడ్డకడుతుంది. లేబుల్ మిషను బొత్తాం నొక్కాలంటే తీయాలి, టేపు చింపాలంటే తీయాలి, మేజోడు పైకి లాక్కోవాలన్నా తీయాలి. అందుకే ఆడవాళ్ళంతా ఊలు తొడుగులు వేసుకునేవాళ్ళు, పైనుంచి ఎవరైనా వస్తున్నారని కబురొస్తే వాటిమీదే కంపెనీవి తగిలించుకునేవాళ్ళు. అన్నేళ్ళు అలా గడిచిపోయింది. మూడు నెలల కిందట సర్క్యులర్ వచ్చింది, కంపెనీ ఇవ్వని వస్తువులు లోపలికి తేరాదు. గేటు దగ్గర అట్టపెట్టె పెట్టారు. ఒక్కొక్కరే వచ్చి అందులో పడేశారు, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, చారలవి, ఆవిడ పదిహేనేళ్ళ సాయంత్రాలన్నీ ఆ పెట్టెలో పడ్డాయి. ఊలక్క కూడా తనవి తీసి పడేసింది. ఒక్క మాట అనలేదు. నోరు లేక కాదు, ఇంట్లో ఆవిడ నోటికి పిల్లులు కూడా దారి మార్చుకుంటాయి. ఉద్యోగంలో నేర్చుకున్న తెలివి అది. అడిగితే చెప్పు, అడిగినంతే చెప్పు. డ్రైవరమ్మ మాత్రం ఎర్రతొడుగుల్ని పెట్టెలో వేయకుండా అంచు మీద పరిచి, పెట్టెకి రెండు చేతులు వచ్చినట్టు నిలబెట్టి వెళ్ళింది. గేటు మనిషి నవ్వాపుకోలేక అటు తిరిగాడు. ఊలక్కకి కోపమొచ్చింది, అందరి ముందూ ఈ వేషాలెందుకని. ఇప్పుడు తలుచుకుంటే ఆ కోపం ఎవరి మీదో తెలుస్తోంది.

మూడూ ఇరవై రెండు. ఆగిన మూడు కుట్లనీ పెన్ను మీంచి అల్లేసింది, పాయ దాటింది, పెన్ను ఖాళీ అయింది. కాగితం మీద పెట్టబోయి, వద్దులే అని తల వెనక తన జడలో దోపుకుంది. ఇంకో మలుపు ఉంది కదా. వేళ్ళు తిరుగుతుంటే కళ్ళు ఊరికే ఉండవు, కాగితం మీదికి పోయాయి. నేను స్వయంగా చూసినది ఏమనగా. ఈవిడ ఏనాడూ ఏమనగా అనలేదు బతుకులో. సదరు ఉద్యోగిని సంస్థ అందజేసిన రక్షణ గ్లౌజులను తనంతట తానుగా తొలగించినట్లు. అక్కడ ఆగిపోయింది. ఆ మాటల మధ్యలో తన గొంతు ఉంది, తను అన్న ఒకే ఒక్క మాట, దానికి బట్టలు వేసి, పౌడరు రాసి, కుర్చీలో కూర్చోబెట్టారు. 

టీ వల్లే తెలిసింది ఆ రోజు, సర్క్యులర్ వచ్చిన రెండో వారంలో. నాలుగు గ్లాసుల్లో మూడు ఖాళీ అయ్యాయి, నాలుగోది మీగడ కట్టింది. డ్రైవరమ్మ టీ ఆలస్యం చేసే మనిషి కాదు, పిలవకముందే వచ్చి వేడివేడిగా ఊదకుండా తాగేసి, ఇదేం టీ అని తిట్టే మనిషి. ఎక్కడుంది అంటే మూడో గదిలో అన్నారు. మూడో గది తలుపు బయటినుంచి మామూలుగానే తెరుచుకుంది. పొగలాగ చలి బయటికొచ్చింది, పొగ వెనకాల బండి, దీపం వెలుగుతూ, బండి మీద మనిషి లేదు. కింద తలుపు వారనే ఉంది. జారిపోయిన పెట్టె సర్దడానికి దిగిందట, తలుపు దానంతటది మూసుకుంది. గంట కొట్టిందట, కంప్రెసర్ల హోరులో ఎవరికీ వినిపించలేదు. లోపలి పిడి మీద మంచు బెల్లం అచ్చులాగ పేరుకుపోయి ఉంది. ఆ మంచు కింద వేలి కొనంత గుండీ, అది లోపలికి నొక్కితేనే తలుపు వదులుతుంది. కంపెనీ గ్లౌజు ఖాళీ చివరలతో దాన్ని పట్టుకోలేక, నొక్కలేక, కుడిచేతిది తీసి పారేసి గోళ్ళతో గీకింది, నలభై నిమిషాలు, ఎడమచెయ్యి చంకలో దాచుకుని. బతికున్నందుకు సంతోషించాలన్నారు తర్వాత డాక్టర్లు. అక్కడే ఊలక్క ఆమెని ఒళ్ళోకి లాక్కుని ఆ కుడిచేతిని తన జాకెట్టు లోపల పొట్టకి ఆనించుకుంది. రాయి, రాయి కూడా కాదు, అట్టపెట్టెలోంచి తీసిన చేప. అప్పుడు సూపర్వైజరు పైనుంచి వంగి, గ్లౌజు తీసేసిందా అన్నాడు. అవును, తీసేసింది, అంది ఊలక్క. అంతే. అబద్ధం కాదు. గ్లౌజు నేల మీద అందరికీ కనిపిస్తూనే ఉంది. ఎందుకు తీసిందని అతను అడగలేదు, ఈవిడ చెప్పలేదు. అడిగినంతే చెప్పింది, ఇరవై రెండేళ్ళ అలవాటు చొప్పున, ఒళ్ళో చేప పెట్టుకుని.

తన తొడుగులే ఉండి ఉంటే వేళ్ళు దక్కేవా? ఎవరికి తెలుసు. ఊలుతో కూడా ఆ గుండీ నొక్కుడుపడేది కాదేమో. కానీ మధ్యమధ్యలో చెయ్యి దూర్చుకోడానికి ఒక వెచ్చని చోటుండేది. ఆ లెక్క ఆవిడ మనసులో ఎన్నిసార్లు వేసినా తేలదు. ఆసుపత్రిలో మూడోరోజు డ్రైవరమ్మ కళ్ళు తెరిచి, కట్టు చూసుకుని, ఎంత పోయింది అని అడిగింది, ఎవరో పెట్టెల సరుకు గురించి అడిగినట్టు. బొటనవేలు తప్ప నాలుగు వేళ్ళకీ పైన రెండేసి కణుపులు. బొటనవేలుంది కదా అంది ఆమె. తర్వాత, నిన్ను అడిగారా అక్కా, ఏం చెప్పావు అంది. ఉన్నది చెప్పాను అంది ఊలక్క. ఇంకేం మరి, నువ్వుండగా నాకేం భయం, అని అటు తిరిగి నిద్రపోయింది. తిట్టినా బాగుండేది. ఊలక్క మంచం పక్కన స్టూలు మీద కూర్చుని రాత్రంతా ఆ మాట నములుతూనే ఉంది, ఇవాళ్టికీ మింగుడు పడలేదు.

అయ్యో. వేళ్ళు ఆగాయి. రెండు చుట్ల కింద, జడ పక్కన, ఒక కుట్టు దుప్పటి లేకుండా పడుకుని ఉంది. దాటించింది కానీ పోగు కప్పలేదు. కాగితం చదువుతూ అల్లిన చోటే. చూస్తే ఏమీ లేదు, చిన్న పలచన, వేలు పెడితే తెలుస్తుంది. ఎవరు చూస్తారు, కప్పేసుకుంటూ పైకి పోతే నాలుగు వరసల్లో కలిసిపోతుంది. కానీ ఆ పలచన సరిగ్గా చూపుడువేలి మొండి దగ్గర పడుతుంది. చలి ముందుగా వెతుక్కునేది అలాంటి సందే. ఈ అల్లికని విప్పడమంటే ఎవరికైనా తల ప్రాణం తోకకొస్తుంది. పుల్లలు లాగేసి విప్పితే కుట్టేదో దుప్పటేదో తెలియని గందరగోళం, ఒక్కొక్కటీ వెనక్కి అల్లుకుంటూ పోవాలి, వచ్చిన దారిలోనే, దాటించినదాన్ని వెనక్కి దాటిస్తూ, కప్పినదాన్ని తీస్తూ. చాలామంది మొత్తం పీకి కొత్తగా మొదలెడతారు. అత్తగారు మాత్రం పీకనిచ్చేది కాదు. తప్పు ఎక్కడ చేశావో అక్కడిదాకా నడిచి వెళ్ళు, దాన్ని దాటి ఒక్క కుట్టు కూడా విప్పకు, మిగతాదంతా బాగానే చేశావు కదా అనేది. మూడూ ముప్ఫై అయిదు. ఊలక్క పెదవి కొరుక్కుని వెనక్కి నడవడం మొదలెట్టింది.

వెనక్కి అల్లడంలో చేతికి ఆలోచన ఎక్కువ, మనసుకి తక్కువ, అందుకని మనసు ఇల్లు చేరింది. పొద్దున్న బయల్దేరుతుంటే మొగుడు, గొడవెందుకు, నీకు ఇంకా ఆరేళ్ళ సర్వీసుంది, చదివి సంతకం పెట్టేసిరా, చిన్నదాన్ని మనం చూసుకోమా ఏంటి అన్నాడు. మరిది తల వంచుకుని చెప్పులు సర్దుకున్నాడు. చూసుకుంటారట. డ్రైవరమ్మని ఒకళ్ళు చూసుకోవడమేమిటి. ఆమె వంటింట్లో అప్పడాల కర్రని అటకకి తాడుతో వేలాడగట్టి, రోజూ రెండు పూటలా మొండి అరచేత్తో దాన్ని ముందుకీ వెనక్కీ తోస్తోంది, లివరు అలవాటు పోకుండా. మొదట్లో నొప్పికి కళ్ళనీళ్ళు కారేవి, ఆపమంటే, నీళ్ళు వాటి పని అవి చేసుకుంటాయిలే అక్కా, నువ్వు లెక్కపెట్టు అనేది. నిన్న మూడొందలసార్లు తోసింది. ఇంట్లో కూర్చోబెడితే పిచ్చెక్కుతుంది ఆ మనిషికి. కాగితంలో ఆఖరి వాక్యం ఏమిటి, విధులకు అనర్హురాలిగా పరిగణించుటకు నాకు అభ్యంతరం లేదు. నాకు. ఊలక్కకి అభ్యంతరం లేదట. ఊలక్క అభ్యంతరాల గురించి వీళ్ళకేం తెలుసు. ఈ ఊలు కొన్నప్పుడు ఆవిడ మామూలు కొలతే అల్లుదామనుకుంది, రెండూ ఒకటే పొడుగు, కుడిదాని పైన కాస్త దూది కుక్కితే ఎవరికీ తెలియదు, సంచిలో వేళ్ళు లెక్కపెట్టేదెవరు అని. చెప్తే డ్రైవరమ్మ మొండిచెయ్యి బల్ల మీద చాపింది. దూదెందుకక్కా, ఆ ఖాళీ చివర లివరు సందులో పడితే మిగిలింది కూడా పోతుంది, నా చెయ్యి ఎంతుందో అంతే అల్లు, అంది. అప్పుడు కొలత తీసింది, ఇంచుటేపుతో కాదు, తన వేళ్ళు రెండు కణుపులు మడిచి ఆమె చేతి పక్కన పెట్టి. ఇప్పటికీ కొలవాలంటే ఆవిడ పిడికిలి బిగిస్తుంది.

కుట్టు దొరికింది. పోగు కప్పింది. మళ్ళీ ముందుకి. మూడూ నలభై ఆరు. విప్పినదాన్ని మళ్ళీ అల్లుతుంటే వేళ్ళకి ఏదో వేగం వచ్చింది, ఎవరో వెనకనుంచి తోస్తున్నట్టు. పిడి మీద మంచు సంగతి రిజిస్టర్లో రాసిందెవరు? తనే. రెండుసార్లు. రిజిస్టరేదంటే రిపేరు సెక్షన్లో ఉందన్నారు, అక్కడ అడిగితే ఆఫీసులో ఉందన్నారు, రిజిస్టరుకి కాళ్ళొచ్చాయి కాబోలు. పోతే పోయింది. తేదీలు ఆవిడకి కాగితం మీద ఉండవు. మొదటిసారి రాసిన రోజు లేబుల్ సెక్షనామెకి పసుపు జత మొదలెట్టింది, ఆమె కూతురి పరీక్షల మొదటి రోజు అది. రెండోసారి రాసింది ఆకుపచ్చ జత బొటనవేళ్ళు పూర్తిచేసి ఇచ్చిన రోజు, జీతాల మర్నాడు. జతల్ని బట్టి ఆవిడ ఏ రోజునైనా పిలిచి నిలబెట్టగలదు. ఎవరి చేతికి ఏ తొడుగు, ఏ తొడుగు అల్లుతుండగా ఎవరు పుట్టారు, ఎవరు పోయారు, ఏ పిడి బిగిసింది. రిజిస్టరు దాచగలరు. ఈ తలకాయని ఏ సెక్షన్లో దాస్తారో చూద్దాం. ఆలోచించేకొద్దీ భయం ఎక్కడో ఉంది, లేకపోలేదు, ఆరేళ్ళ సర్వీసు, ఇంటి అద్దె, మొగుడి ముఖం. ఉండనీ. భయానికీ ఒక కుర్చీ వేసింది, కూర్చుంటే కూర్చోమంది. చేతులు మాత్రం ఆపలేదు.

రెండో మలుపు. ఇదే ఆఖరు, దీని తర్వాత పైన కుట్లన్నీ దగ్గరికి లాగి తలకట్టు కట్టేయడమే, చెయ్యి అక్కడితో అయిపోతుంది. జడలోంచి పెన్ను తీసి మూడు కుట్లు ఎక్కించింది. తలుపు చప్పుడైంది. నాలుగు గంటలు, ఒక్క నిమిషం అటూ ఇటూ లేదు, మెత్తనాయన మెత్తగా లోపలికొచ్చాడు. అయిందామ్మా, అన్నాడు కాగితం వైపు చెయ్యి చాపుతూ. కాగితం మీద సంతకం చోటు తెల్లగా ఉంది. ఆయన బల్ల మీద చూశాడు, బల్ల కింద చూశాడు, ఆఖరికి ఆవిడ చేతుల్లో చూశాడు. కంపెనీ పెన్ను ఊలు మధ్యలో అడ్డంగా వేలాడుతోంది.

"పెన్ను పనిలో ఉంది సార్. రెండు నిమిషాలు కూర్చోండి."

ఆయన కూర్చుంటాడని ఆవిడ అనుకోలేదు. కూర్చున్నాడు. బహుశా ఆ గదిలో ఆయన్ని అలా కూర్చోమన్నవాళ్ళెవరూ లేరేమో. ఇవి లోపలికి తేకూడదు కదమ్మా, సర్క్యులర్ చూశారు కదా, అన్నాడు. చూశాను, ఇది మంచుగది కాదు కదా, అని ఊలక్క మూడు కుట్లూ అల్లింది. ఆయన గడియారం చూసుకున్నాడు. ఆవిడ పెన్ను మీంచి ఒక కుట్టు తీసింది, దుప్పటితో సహా. రెండోది. మూడోది. పాయ దాటి కూర్చుంది. చుట్టు పూర్తిచేసి, తిరిగి రెండో చుట్టు కూడా వేసింది, సగంలో ఆపే అలవాటు ఇవాళ్టితో సరి. అప్పుడు అల్లిక పక్కన పెట్టి, పెన్ను మూత తీసి, కాగితం దగ్గరికి లాక్కుంది. ఆయన ముఖం విప్పారింది. ఆవిడ సంతకం చోటు దాటి, కింద ఖాళీలో, అయిదో తరగతి నాటి గుండ్రటి అక్షరాల్లో రాయడం మొదలెట్టేసరికి ఆ ముఖం మళ్ళీ ముడుచుకుంది. అవును, గ్లౌజు తీసింది. తలుపు లోపలి పిడి మంచుపట్టి కదలక, గ్లౌజు పెద్దదై గుండీ నొక్కలేక తీసింది. పిడి సంగతి నేను రెండుసార్లు రిజిస్టర్లో రాశాను. తేదీలు వేసింది, రెండూ. బాగుచేయలేదు. ఆమె బండి నడపగలదు. అనర్హురాలంటే నాకు అభ్యంతరం ఉంది. తర్వాత సంతకం పెట్టింది, జీతం కాగితం మీద పేరుతో, పక్కన ఊలక్క అని కూడా రాసింది, ఎవరో పోల్చుకోలేకపోతే ఇబ్బంది కదా అని.

మెత్తనాయన చదివాడు. మళ్ళీ చదివాడు. గొంతు ఇంకా మెత్తగా అయింది. ఇది మేం అడిగింది కాదమ్మా, అన్నాడు, ఆ రోజు మీరు చెప్పింది వేరు. ఇలా అయితే మీ విషయం కూడా పైవాళ్ళు ఆలోచించాల్సొస్తుంది, అన్నాడు. ఆలోచించండి సార్, ఐదింటి దాకా టైముంది కదా, అంది ఊలక్క. 

"ఆ రోజు చెప్పింది సగం సార్. ఇది మిగతా సగం."

ఆయన బల్ల మీదున్న తొడుగు చేతిలోకి తీసుకున్నాడు, పుల్లలతో సహా. చేతిసంచి నోట్లోంచి ఎడమదాని జడ కనిపిస్తోంది, ఆవిడ అది కూడా తీసి బల్ల మీద ఆయన చేతి పక్కన పెట్టింది. రెండూ పక్కపక్కన కనిపించాయి, ఒకటి నిండుగా, ఒకటి పిడికిలి అంత. బాగుందమ్మా పనితనం, అన్నాడు నిజంగానే, మాట మార్చడానికి. అని, కొలత చూసి, ఇదేంటి, పొట్టిగా వచ్చిందే, అన్నాడు. అనేశాక గానీ ఆయనకి అర్థం కాలేదు, అర్థమయ్యాక తొడుగు చేతిలో ఉండిపోయింది, ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ఊలక్క ఆయన చేతిలోంచి దాన్ని తీసుకుంది. తన నాలుగు వేళ్ళూ రెండు కణుపులు మడిచి, లోపల పెట్టి చూసుకుంది. తలకట్టుకి ఇంకొక్క వరస చాలు, బస్సులో అయిపోతుంది.

"సరిగ్గానే వచ్చింది సార్. చెయ్యి అంతే ఉంది," అంది.

ఊలు ఉండా ఎడమచేతి తొడుగూ సంచిలో వేసుకుంది. పొట్టిదాన్ని సంచిలో వేయలేదు, గేటు దగ్గర అట్టపెట్టె ముందునుంచి పుల్లలతో సహా అందరికీ కనిపించేలా చేత్తో పట్టుకుపోదామనుకుంది. లేస్తుంటే చక్రాల కుర్చీ మళ్ళీ గోడ దాకా పోయింది, ఈసారి ఒక్కటే. పెన్నుకి మూత పెట్టి ఆయన ముందు, కాగితం మీద పెట్టింది. మూత సందులో బూడిదరంగు నూగు ఇరుక్కుని ఉంది, దాన్ని తీయలేదు.